వలలో సొర కరిస్తే ఏ ఖాతాలో రాస్తారు?

ఒడిశా గంజాం తీరంలోని గోపాలపురం, ఆర్జిపల్లి మత్స్యకార వాడల్లో సొరచేప (షార్క్) కరిచిన చేతి ఫొటో ఒకటి ఫోన్లలో తిరగడంతో పాత వాదన మళ్లీ రాజుకుంది. గంజాం తీరంలో సొర దాడులే లేవు, ప్రపంచ లెక్కలు చూసుకోండి అనేది ఒక పక్షం. వల లాగేవాళ్ల చేతులు చూసి మాట్లాడండి అనేది సముద్రంలో వేట చేసే మన వాడబలిజల మాట. ఆ లెక్క ఎవరి కోసం పుట్టిందో తెలిస్తే ఈ పేచీ ఎందుకు తెగడం లేదో అర్థమవుతుంది.

సొర కాట్లన్నిటినీ ఒక్కచోట నమోదు చేసే అంతర్జాతీయ ఫైలు 1958లో మొదలైంది. డబ్బిచ్చింది అమెరికా నౌకాదళ పరిశోధన విభాగం. 1945లో ఇండియానాపొలిస్ నౌక మునిగి, నావికులు రోజుల తరబడి నీళ్లలో తేలుతూ సొరల వాత పడిన సంగతి అప్పటికింకా పచ్చిగానే ఉంది. ఓడ మునిగిన నావికుడి కోసం మొదలైన ఫైలు, తర్వాత స్నానానికి దిగినవాళ్లకూ సర్ఫింగ్ చేసేవాళ్లకూ కొలబద్ద అయింది. చేతులు మారి 1988లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం మ్యూజియానికి చేరింది. పొట్టకూటికి సొరలున్న నీళ్లలోకి రోజూ పోయేవాడు ఆ చూపులో ఎప్పుడూ మధ్యలో లేడు.

అసలు మెలిక వర్గీకరణలో ఉంది. మనిషి కదిలించకుండా సొర తనంతట తాను కరిస్తే ఒక ఖాతా. మనిషే ముందు దాని జోలికి పోతే ఇంకో ఖాతా. మేత వేయడం, తోక పట్టుకుని ఫొటో దిగడం ఈ రెండో దాంట్లోకి వస్తాయి. గాలం నుంచో వల నుంచో సొరను విడదీస్తుండగా పడే కాటూ అందులోనే. 2023లో మొదటి ఖాతాలో 69 కాట్లు, రెండో దాంట్లో 22 నమోదయ్యాయి. పత్రికల శీర్షికలకెక్కింది 69.

సొర సహజంగా ఎలా ప్రవర్తిస్తుందో తెలియాలంటే వలలో గింజుకునేదాన్ని పక్కన పెట్టాల్సిందే అంటారు శాస్త్రవేత్తలు. వాళ్ల చదువుకు అది అవసరమే.

కానీ బోటు మీద జరిగేది చూడండి. వేటకెళ్లినవాడు అంచుకు మోకాలు ఆనించి, మొప్పల దగ్గర బిగుసుకున్న వల కన్నులను ఒక్కొక్కటే తప్పిస్తుంటాడు. చచ్చిందనుకున్న సొర ఒక్క ఊపున తల తిప్పుతుంది. మణికట్టు పైన వంపుగా పంటి గాట్లు, తెగిన నరాలు. ఒడ్డుకు చేరేసరికి చుట్టిన తువ్వాలు తడిసి ముద్దవుతుంది. ఆసుపత్రి చీటీలో 'చేప కరిచింది' అని రాసి కుట్లు వేసి పంపేస్తే ఆ కాటు ఏ ఖాతాకూ చేరదు. ఆ చెయ్యి పట్టు తప్పితే ఆ ఇంటికి ఆ ఏడు వేట లేనట్టే. సెలవుకు వచ్చి అలల్లో ఆడుకున్నవాడి గాయం ముందు వరసలోనూ, ఇతనిది వెనక వరసలోనూ పడటం న్యాయం కాదు.

మనవాళ్లు చెప్పుకోకపోవడానికి ఇంకో కారణం 2001లో వచ్చింది. కేంద్రం మొదట సొరలు, టేకు చేపలన్నిటినీ వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో, అంటే పడితే నేరమయ్యే జాబితాలో పెట్టి, మత్స్యకారులు గొడవ చేశాక పది జాతులకు తగ్గించింది. వలలో పడింది మామూలు పాలసొరో, షెడ్యూలులో ఉన్నదో చీకట్లో తేల్చుకోలేనివాడు కాటు సంగతి బయట పెడతాడా? కేసు భయం కుట్ల నొప్పి కంటే పెద్దది.

ఇదే తీరంలో రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర గుడ్లు పెట్టే తాబేళ్లను ఏటా లెక్కిస్తారు. వాటి కోసం నవంబరు నుంచి మే దాకా అక్కడ వేట ఆపిస్తారు. మంచిదే. సొర కాటుకు కావలసిన నమోదు అంతకంటే చాలా చిన్నపని: గాయం పక్కన స్కేలు పెట్టి ఫొటో, లోతు, వేళ, నీళ్లు తేటగా ఉన్నాయా మురికిగానా, గాయంలో పంటి ముక్క దొరికితే దాన్ని దాచడం. పళ్ల మధ్య ఎడం బట్టి సొర పరిమాణం అంచనా కడతారు, ముక్క దొరికితే జాతీ తేలుతుంది.

దాడి అనే మాట వదిలేసి కనబడటం, ఎదురుపడటం, కాటు, ప్రాణాంతక కాటు అని నాలుగుగా రాయమని 2013లో క్రిస్టొఫర్ నెఫ్, రాబర్ట్ హ్యూటర్ ప్రతిపాదించారు. అలా రాస్తే తప్పు ఎవరిదని అడగక్కర్లేదు, వలలో పడ్డ కాటూ కాటుగానే లెక్కకెక్కుతుంది. ఫ్లోరిడా ఫైలు మాత్రం ఆ రెండు ఖాతాలనూ అలాగే ఉంచింది. గంజాంలో దాడులు లేవనేవాళ్లు ఈ రోజు చూపిస్తున్నది అందులోని మొదటి ఖాతానే.