పెళ్లికానుకగా కట్టుడు పళ్లు

2024 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఒక పళ్ల క్లినిక్ ముందు వందల మంది బారులు తీరారు. ప్రభుత్వ వైద్యం కింద కొత్త పేషెంట్లను చేర్చుకుంటున్నారని తెలిసి వచ్చినవాళ్లు. చివరికి పోలీసులు కూడా రావాల్సొచ్చింది. అక్కడున్న మనవాళ్లు కొందరు సెలవుల్లో హైదరాబాద్ వచ్చినప్పుడే పళ్ల పని కానిచ్చుకుని వెళ్లేది ఈ తంటా పడలేకే.

ఆ దేశంలో పళ్లు పుచ్చడం ఒకప్పుడు గొప్పింటి జబ్బు. 1598లో మొదటి ఎలిజబెత్ రాణిని చూసిన జర్మన్ యాత్రికుడు పాల్ హెంట్స్‌నర్, ఆమె పళ్లు నల్లగా ఉన్నాయనీ, చక్కెర అతిగా తినే ఇంగ్లిష్‌వాళ్లకు ఈ లోపం మామూలే కాబోలనీ రాశాడు. చక్కెర కొనగలిగినవాళ్లకే ఆ యోగం మరి! 1874లో చక్కెర మీద సుంకం ఎత్తేశారు. రొట్టె మీద జామ్, తియ్యటి టీ కూలివాళ్ల తిండి అయిపోయాయి. చక్కెర చవకైంది, వైద్యం కాలేదు. జబ్బు మేడ దిగి మిల్లు వాడలకు చేరింది.

పుచ్చు పూడ్పించుకోవాలంటే డబ్బు కావాలి, పనికి నాగా పెట్టాలి. అన్నీ ఒకేసారి పీకించేస్తే పీడా పోతుంది. కొన్ని కార్మిక కుటుంబాల్లో ఇరవయ్యొకటో పుట్టినరోజుకో, పెళ్లికో ఆడపిల్లకు పళ్లన్నీ పీకించి, కట్టుడు పళ్ల సెట్టు కానుకగా ఇచ్చేవారు. అల్లుడికి ముందుముందు ఖర్చు తప్పుతుందని. తర్వాతి సర్వేల్లో బోసినోళ్లు మగవాళ్లలో కంటే ఆడవాళ్లలోనే ఎక్కువగా తేలడానికి ఇదీ ఒక కారణమే అనుకుంటాను.

1948 జులై 5న ఉచిత వైద్యం మొదలైంది. తొలి తొమ్మిది నెలల్లోనే 3 కోట్ల 30 లక్షలకు పైగా కట్టుడు పళ్లు ఇచ్చారు (సెట్లు కాదు, విడి పళ్ల లెక్క). ఖజానా బెదిరింది. 1951లో కట్టుడు పళ్ల ఖర్చులో సగం రోగే భరించాలన్నారు. ఆ పథకానికి పురుడు పోసిన అనైరిన్ బెవాన్ దీన్ని ఒప్పుకోలేక మంత్రి పదవి వదిలేశాడు.

1968 సర్వే నాటికి ఇంగ్లండ్, వేల్స్‌లలో పెద్దవాళ్లలో నూటికి 37 మందికి సొంత పన్ను ఒక్కటీ లేదు. స్కాట్లాండ్‌లో 1972లో 44 మందికి. 1970ల్లోనే, పళ్లు పుచ్చకుండా కాపాడే ఫ్లోరైడ్ పేస్టు ఇంటింటికీ వచ్చింది. 2009లో ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో లెక్క చూస్తే నూటికి ఆరుగురే మిగిలారు. వాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లు. 1950ల్లో నోరంతా ఖాళీ చేయించుకుని పెళ్లిపీటలెక్కిన అమ్మాయిలు అప్పటికి డెబ్భైలు, ఎనభైల్లో ఉన్నారు.