కొలత ముందా, కట్టడం ముందా? సుస్థిర పట్టణాభివృద్ధిపై అపోహలు - వాస్తవాలు

స్థానిక సంస్థలు వేసుకున్న ప్రణాళికలు నేల మీద ఏమయ్యాయో చూడటం నా పని. ఒక చేతిలో ప్రణాళిక, ఇంకో చేతిలో బడ్జెట్ పట్టుకుని వార్డులు తిరుగుతాను. కౌన్సిల్ సభ్యులు, ఇంజనీర్లు, మామూలు జనం ఈ విషయం మీద మాట్లాడేటప్పుడు కొన్ని నమ్మకాలు పదే పదే వినిపిస్తాయి. వాటిలో ఎక్కువ నష్టం చేస్తున్నవే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: సుస్థిర అభివృద్ధి అంటే మొక్కలు నాటడం, సోలార్ పలకలు పెట్టడం. దాన్ని పర్యావరణ విభాగం చూసుకుంటుంది.

వాస్తవం: 1987లో ఐక్యరాజ్యసమితి నియమించిన బ్రంట్‌లాండ్ కమిషన్ ఇచ్చిన నిర్వచనంలో చెట్ల ప్రస్తావనే లేదు. రేపటి తరాలు తమ అవసరాలు తీర్చుకునే శక్తికి దెబ్బ తగలకుండా ఈ తరం అవసరాలు తీర్చుకోవాలన్నదే అందులోని మాట. నగరం విషయానికొస్తే ఆ శక్తి చాలావరకు భూమి దగ్గరే తేలిపోతుంది. ఇళ్లు ఎక్కడ రావాలి, ఎంత ఎత్తు లేవాలి, పనికి వెళ్లే చోటు ఇంటికి ఎంత దూరంలో ఉండాలి, వాన నీరు పోయే దారిలో ఎవరూ కట్టకుండా ఎలా చూడాలి, ఇవన్నీ టౌన్ ప్లానింగ్ విభాగం బల్ల మీద నిర్ణయమయ్యే సంగతులు.

పట్టణ ఆర్థిక వ్యవహారాలను పరిశీలించే ఆలాన్ బెర్టో చేసిన ఒక పోలికను మా రంగంలో అందరూ చెప్పుకుంటారు. 1990 నాటికి అమెరికాలోని అట్లాంటా జనాభా సుమారు 25 లక్షలు, స్పెయిన్‌లోని బార్సిలోనా జనాభా సుమారు 28 లక్షలు. కట్టడాలు పరుచుకున్న నేల మాత్రం అట్లాంటాలో 4,280 చదరపు కిలోమీటర్లు, బార్సిలోనాలో 162. అంత పలచగా పరుచుకున్న ఊళ్లో ఎన్ని బస్సులు నడిపినా నిండవు. నీటి గొట్టమైనా, డ్రైనేజీ అయినా, వీధి దీపాల తీగ అయినా ఒక్కో ఇంటికి ఎన్నో రెట్ల పొడవు కావాలి. ఒకసారి లేఅవుట్లు పడ్డాక ఎన్ని మొక్కలు నాటినా ఆ పొడవు తగ్గదు.

అందుకే ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో, నగరాలకు సంబంధించిన 11వ లక్ష్యం కింద ఒక ముఖ్యమైన సూచిక పెట్టారు. భూమి వాడకం పెరిగే వేగాన్ని జనాభా పెరిగే వేగంతో భాగిస్తారు. జనాభా పెరుగుతున్న ఊళ్లో ఆ ఫలితం 1 దాటిందంటే జనం కంటే ఊరే వేగంగా పరుచుకుంటోందన్నమాట. ఒక్క సూచికే చూడనిస్తామని ఎవరైనా అంటే నేను దీన్నే అడుగుతాను.

అపోహ: మాస్టర్ ప్లాన్‌కి ఆమోదం వచ్చిందంటే సగం పని అయిపోయినట్టే.

వాస్తవం: ఆమోదం వచ్చిన ప్రణాళికలో ఎన్ని వాక్యాలకు బడ్జెట్‌లో పద్దు ఉందో చూడండి. నేను మొదట చేసే పని అదే. ప్రణాళికలో ఉన్న ప్రతి పనినీ ఒక కాగితం మీద వరసగా రాసుకుని, దాని పక్కన మూడు సంగతులు వెతుకుతాను: ఈ ఏడాది దానికి కేటాయించిన డబ్బు, దానికి బాధ్యుడైన అధికారి, కట్టాక ఏటా అయ్యే నిర్వహణ ఖర్చు. మూడో గడి దాదాపు ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది. మురుగునీటి శుద్ధి కేంద్రం కట్టడానికి నిధులు పైనుంచి వస్తాయి. దాన్ని నడిపే కరెంటు బిల్లు, ఆపరేటర్ల జీతాలు, విడిభాగాల ఖర్చు మునిసిపాలిటీ సొంత ఆదాయంలోంచి రావాలి. ఆ లెక్క ముందే వేయకపోతే, ప్రారంభోత్సవం నాడు నడిచిన కేంద్రం కొన్నాళ్లకే ఆగిపోతుంది. మురుగు మళ్లీ పాత కాలువలోకే పోతుంది. కాగితం మీద మాత్రం శుద్ధి సామర్థ్యం పెరిగినట్టే ఉంటుంది. ఇలాంటివి చూసినప్పుడు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే అక్కడ కష్టపడి పనిచేసినవాళ్లు ఉంటారు.

నార్వే రాజధాని ఓస్లో ఈ చిక్కును విప్పిన తీరు నాకు ఇష్టం. 2017 ఏడాదికి మొదటిసారి వాతావరణ బడ్జెట్ పెట్టింది. డబ్బు లెక్క ఎలా వేస్తారో, కర్బన ఉద్గారాల లెక్క కూడా అలాగే వేసి, ఏ చర్య వల్ల ఎంత తగ్గుతుందో, దానికి ఏ విభాగం బాధ్యత వహించాలో నగర వార్షిక బడ్జెట్‌లోనే చేర్చారు. ఆ బడ్జెట్‌ను ఆర్థిక విభాగమే నడిపిస్తుంది. నా దృష్టిలో అసలు మార్పు అదే. పర్యావరణ అధికారి అడిగితే వాయిదా వేసే విభాగాధిపతి, ఆర్థిక విభాగం అడిగితే జవాబు సిద్ధం చేసుకుని వస్తాడు.

అపోహ: మూల్యాంకనం అంటే పనులన్నీ పూర్తయ్యాక చేసేది.

వాస్తవం: పనులు పూర్తయ్యాక మొదలుపెడితే, పాత పరిస్థితి ఎలా ఉండేదో చెప్పేవాళ్లు మిగలరు. "ఇంతకుముందు ఎంత ఉండేది?" అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. ముందు లెక్క లేకుండా తర్వాతి లెక్కకు అర్థం లేదు. అందుకే కొలిచే పని ప్రణాళిక రాసే రోజే మొదలవ్వాలి.

దీనికి స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ చేసిన పనిని మించిన ఉదాహరణ నాకు తెలియదు. నగరం మధ్యలోకి వచ్చి పోయే వాహనాలపై రద్దీ రుసుము పెట్టాలనుకున్నారు. జనంలో ఎక్కువమంది దాన్ని వ్యతిరేకించారు. అప్పుడు పాలకులు రుసుమును శాశ్వతంగా పెట్టేయకుండా 2006 జనవరి 3 నుంచి జూలై 31 దాకా ప్రయోగంగా నడిపారు. అంతకు ముందే, 2005 ఆగస్టులో, అదనపు బస్సులు మొదలుపెట్టారు. ఆ క్రమమే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. రెండూ ఒకే రోజు మొదలై ఉంటే, రద్దీ తగ్గడానికి కారణం బస్సులా, రుసుమా అన్నది ఎప్పటికీ తేలేది కాదు. బస్సులు మాత్రమే పెరిగిన నెలల్లో కార్ల రద్దీలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రుసుము మొదలయ్యాక ఆ రుసుము వర్తించే హద్దు దాటే వాహనాలు సుమారు 20 శాతం తగ్గాయి. జూలై తర్వాత రుసుము ఆపగానే వాహనాలు మళ్లీ పెరిగాయి. పెట్టినప్పుడు తగ్గి, తీసేసినప్పుడు పెరిగితే కారణం ఏమిటన్నది ఇక వాదించుకోవాల్సిన పని ఉండదు.

సెప్టెంబరులో నగర ప్రజలు ఓటు వేశారు. స్వల్ప ఆధిక్యంతో అవునన్నారు. 2007 ఆగస్టు నుంచి రుసుము శాశ్వతమైంది. అయితే చుట్టుపక్కల ఓటింగ్ పెట్టిన మునిసిపాలిటీలు మొత్తమ్మీద కాదన్నాయి. ప్రయోజనం నగరం లోపలివాళ్లకు ఎక్కువ, భారం బయటి నుంచి వచ్చేవాళ్లకు ఎక్కువ అనిపించినప్పుడు అలాగే జరుగుతుంది. మీరు ఏ ప్రణాళికను అంచనా వేస్తున్నా, నగర హద్దు బయట ఉన్నవాళ్లను అడిగారో లేదో ఒకసారి చూసుకోండి.

అపోహ: రోడ్డు వెడల్పు చేస్తే రద్దీ తగ్గుతుంది, పొగా తగ్గుతుంది.

వాస్తవం: కొన్నాళ్లు తగ్గుతుంది. అమెరికాలోని హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవే అనే రహదారిని 2008 నాటికి కొన్నిచోట్ల 26 వరుసల దాకా విస్తరించారు. కొన్నేళ్లలోనే ప్రయాణ సమయం మళ్లీ పెరిగింది. దారి ఖాళీగా కనిపిస్తే కొత్త ప్రయాణాలు పుడతాయి, దూరంగా కొత్త కాలనీలు వెలుస్తాయి. విస్తరణ జరిగిన మొదటి ఏడాది లెక్కతో ఆగిపోయే నివేదికను నమ్మకండి.

అపోహ: సూచికలు ఎంత ఎక్కువుంటే మూల్యాంకనం అంత గట్టిది.

వాస్తవం: నగర సేవల కొలతకు 2014లో వచ్చిన ఐఎస్ఓ 37120 అనే అంతర్జాతీయ ప్రమాణం మొదటి రూపంలో 100 సూచికలు ఉండేవి: 46 ప్రధానమైనవి, 54 తోడుగా ఉండేవి. నగరాలు ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి ఇలాంటి ఉమ్మడి ప్రమాణం అవసరమే. కానీ పది మంది సిబ్బంది ఉన్న ఆఫీసు వంద గడులు నింపడానికి కూర్చుంటే, నింపడమే పనైపోతుంది. ఆ అంకెలు చూసి నిర్ణయం మార్చే తీరిక ఎవరికీ ఉండదు. నన్ను అడిగితే, ప్రతి సూచిక పక్కన ఒక ప్రశ్న రాయమంటాను: ఈ అంకె మారితే మనం ఏ పని మార్చుకుంటాం? జవాబు లేని సూచికను తీసేయండి.

ఇంకా లోతైన సమస్య వేరే ఉంది. మనం సాధారణంగా చేసిన పనిని కొలుస్తాం, దానివల్ల వచ్చిన మార్పును కొలవం. ఎన్ని కిలోమీటర్ల సైకిల్ దారి వేశామన్నది చేసిన పని. ఎంతమంది సైకిల్ మీద బడికి, పనికి వెళుతున్నారన్నది మార్పు. నాటిన మొక్కల సంఖ్య మొదటి రకం, మూడేళ్ల తర్వాత బతికున్న చెట్ల నీడ రెండో రకం. మొదటి రకం అంకెలు ఆఫీసులో ఉన్న బిల్లుల్లోంచే దొరుకుతాయి. రెండో రకానికి వీధిలో నిలబడి లెక్కపెట్టాలి.

ఆ తర్వాత సగటు చేసే మోసం. 11వ లక్ష్యం కింద ప్రజా రవాణాకు ఒక కొలత ఉంది: బస్సు స్టాపుకు 500 మీటర్ల నడక దూరంలో, రైలు లాంటి పెద్ద రవాణాకు ఒక కిలోమీటరు లోపు ఉన్న జనం ఎంత శాతం? మంచి కొలతే. కానీ దాన్ని మ్యాపు మీద వృత్తం గీసి లెక్కేస్తే తప్పు వస్తుంది. స్టాపుకూ ఇంటికీ మధ్య రైలు పట్టాలుంటే 300 మీటర్ల దూరం కిలోమీటరున్నర నడక అవుతుంది. స్టాపు దగ్గరే ఉన్నా గంటకో బస్సు వస్తే, రాత్రి ఎనిమిదికే ఆగిపోతే, ఆస్పత్రిలో రాత్రి షిఫ్టు చేసే మహిళకు ఆ శాతం ఎందుకూ పనికిరాదు. నగరం మొత్తానికి ఒక అంకె వచ్చినప్పుడు వార్డుల వారీగా విడదీసి చూపమని అడగండి. ఆడవాళ్లకు, ముసలివాళ్లకు, చక్రాల కుర్చీలో తిరిగేవాళ్లకు విడిగా చూపమని అడగండి. చాలాసార్లు అసలు కథ అక్కడే బయటపడుతుంది.

అపోహ: ప్రకృతిని కలుపుకునే పరిష్కారాలు ఖరీదైనవి, డబ్బున్న నగరాలకే సాధ్యం.

వాస్తవం: 2011 జూలై 2న డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో కొద్ది గంటల్లోనే కొన్నిచోట్ల 150 మిల్లీమీటర్ల దాకా వాన పడి నగరం మునిగింది. 2012లో కుండపోత వానల ప్రణాళిక తయారుచేసుకున్నారు. గొట్టాలు పెద్దవి చేయడం ఒక్కటే దారిగా పెట్టుకుంటే అయ్యే ఖర్చు కంటే, పార్కుల్లో నీరు నిలిపి, వీధుల మీదుగా మళ్లించే పద్ధతిని కలిపితే తక్కువవుతుందని లెక్కలో తేలింది. పోల్చాల్సింది రెండు మార్గాల మధ్య ఖర్చును. ఏమీ చేయకపోతే జరిగే నష్టాన్ని కూడా అదే పట్టికలో పెట్టాలి.

అపోహ: లక్ష్యం చేరలేదంటే ప్రణాళిక విఫలమైనట్టే.

వాస్తవం: ఇదే కోపెన్‌హాగన్ 2025కల్లా కర్బన తటస్థ నగరం (వదిలే కర్బనానికి సమానంగా తగ్గించో, పీల్చుకునో నికరంగా సున్నాకు తెచ్చే నగరం) అవుతామని 2012 నాటి ప్రణాళికలో రాసుకుంది. చెత్త మండించే కేంద్రంలో కర్బనాన్ని పట్టి ఉంచే పథకానికి ప్రభుత్వ నిధులు దొరకక, గడువుకు చేరలేమని 2022లో చెప్పింది. ఆ లోపు ఉద్గారాలు భారీగా తగ్గాయి. ఎక్కడ ఆగిపోయామో, ఎందుకు ఆగామో బయటికి చెప్పగలిగారంటే లెక్కలు పెట్టుకున్నారు కాబట్టే. తేలికైన లక్ష్యం పెట్టుకుని నూటికి నూరు సాధించిన ఊరి కంటే ఈ ఊరి దగ్గర నేర్చుకునేది ఎక్కువ.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. "తటస్థం" అన్నప్పుడు ఏ ఉద్గారాలను లెక్కలోకి తీసుకున్నారో అడగాలి. నగరాల ఉద్గారాల లెక్కలకు 2014లో వచ్చిన అంతర్జాతీయ విధానం వాటిని మూడు పరిధులుగా విడదీస్తుంది: హద్దు లోపల వెలువడేవి, బయటి నుంచి తెచ్చుకున్న కరెంటు వల్ల వచ్చేవి, నగరం కారణంగా హద్దు బయట వెలువడేవి. మూడోదాన్ని వదిలేస్తే దాదాపు ఏ నగరమైనా శుభ్రంగానే కనిపిస్తుంది.

అపోహ: సభ పెట్టి అభిప్రాయాలు తీసుకున్నాం, ప్రజా భాగస్వామ్యం అయిపోయింది.

వాస్తవం: ప్రజా విధానాల నిపుణురాలు షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లోనే ప్రజా భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించింది. సమాచారం ఇవ్వడం, అభిప్రాయం అడగడం మధ్య మెట్లే. నిర్ణయాధికారం పంచుకునేది పై మెట్ల మీద. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రే 1989లో మొదలుపెట్టిన భాగస్వామ్య బడ్జెట్‌లో పేటల వారీగా జనం ఏ పని ముందు కావాలో తేల్చుకునేవారు. ఏ పేటకు ఎంత అన్నది జనాభా, ఆ పేటలో లోపించిన సౌకర్యాలు, జనం పెట్టుకున్న ప్రాధాన్యం కలిపి సూత్రం ప్రకారం లెక్కేసేవారు. తర్వాతి కాలంలో ఆ పద్ధతి బలహీనపడింది, రాజకీయ అండ తగ్గితే ఏదైనా అంతే. నేను సభల సంఖ్య చూడను. సభలో వచ్చిన మాట వల్ల చివరి ప్రణాళికలో ఏ పేజీ మారిందో చూపమంటాను.

అపోహ: ఇవన్నీ పెద్ద నగరాలకే. చిన్న మునిసిపాలిటీ దగ్గర సమాచారమూ లేదు, నిపుణులూ లేరు.

వాస్తవం: అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు 2008 నుంచి అందరికీ ఉచితం. 2015లో ఎగిరిన ఐరోపా ఉపగ్రహం సెంటినెల్-2 చిత్రాల్లో నేల మీద 10 మీటర్ల పరిమాణం దాకా వివరం కనిపిస్తుంది. ఊరు ఎటు పరుచుకుందో, ఏ చెరువు కుంచించుకుపోయిందో చూడటానికి కంప్యూటర్ వచ్చిన ఒక ఉద్యోగి, కొన్ని వారాల సమయం చాలు.

ఆఫీసులో ఇప్పటికే ఉన్న సమాచారం ఇంకా విలువైనది. ఫిర్యాదుల రిజిస్టరు తెరిచి, ఐదేళ్లలో నీరు నిలిచిందని వచ్చిన ఫిర్యాదులన్నీ మ్యాపు మీద చుక్కలుగా పెట్టండి. నీటి ట్యాంకర్లు ఏ వీధికి ఎన్నిసార్లు వెళ్లాయో డ్రైవర్ల పుస్తకంలో ఉంటుంది. ఇళ్ల అనుమతుల ఫైళ్లలో ఊరు ఎటు పెరుగుతోందో ఉంటుంది. ఈ మూడూ ఒకే మ్యాపు మీదకు తెచ్చి, కింద తేదీ వేసి, కౌన్సిల్ గదిలో గోడకు పెట్టండి. వచ్చే ఏడాది అదే నెలలో కొత్త మ్యాపు తయారుచేసి దాని పక్కన పెట్టండి. ఫిర్యాదు చేయడం తెలియని వీధుల్లో చుక్కలు పడవు కాబట్టి, ఖాళీగా కనిపించిన చోట్లకు ఒకసారి స్వయంగా నడిచి వెళ్లి చూసి రండి.