హ్యూస్టన్ కూగర్స్: సొంత ఊళ్లో జనం కోసం ఎదురుచూపు

2023 అక్టోబరు 21, శనివారం. యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్ స్టేడియంలో ఇసుక వేస్తే రాలనంత జనం. 40 వేల మందికని కట్టిన చోట 42 వేలు దాటారు. కానీ గ్యాలరీల్లో ఈ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు కూగర్స్ ఎరుపుతో పాటు ఎదుటి జట్టు నారింజ రంగు కూడా గట్టిగానే కనిపించింది. వచ్చింది ఆస్టిన్ నుంచి యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ జట్టు లాంగ్‌హార్న్స్ మరి. 31-24తో వాళ్లే గెలిచారు. ఆ మ్యాచ్‌కు టికెట్ దొరక్క బాధపడినవాళ్లు నాకు తెలుసు. మరో శనివారం అదే గేటు దగ్గర లైనే లేకుండా నేరుగా లోపలికి నడిచి వెళ్లిన రోజూ నాకు గుర్తుంది. ఒకే స్టేడియం, ఒకే జట్టు. ఈ తేడా ఇవాళ పుట్టింది కాదు.

ముందుగా ఒక మాట. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. సీజన్‌లో సుమారు 12 మ్యాచ్‌లు ఉంటే, సొంత మైదానంలో ఆడేవి ఆరో ఏడో. ఆ ఆరేడు రోజుల్లోనే టికెట్లు, పార్కింగ్, దాతల విరాళాలు అన్నీ తేలిపోవాలి. అంతకన్నా ముఖ్యం, జట్టులో చేరదామా వద్దా అని చూడటానికి వచ్చిన హైస్కూల్ కుర్రాడికి ముందు కనిపించేది గ్యాలరీయే. అది బోసిపోయి ఉంటే కోచ్ ఎన్ని మాటలు చెప్పినా ఉపయోగం ఉండదు.

1927లో మొదలైన ఈ కాలేజీ చాలాకాలం ఉద్యోగాలు చేసుకుంటూ చదువుకునేవాళ్ల కాలేజీ. కారులో రావడం, క్లాసు వినడం, కారులోనే ఇంటికి వెళ్లిపోవడం. అలాంటివాటిని ఇక్కడ కమ్యూటర్ స్కూల్ అంటారు. గిట్టనివాళ్లు ‘కూగర్ హై’ అని, అంటే అదేదో పెద్ద హైస్కూలన్నట్టు, ఎగతాళి చేసేవాళ్లు. వారమంతా క్యాంపస్‌లో ఉండనివాడు శనివారం ప్రత్యేకంగా బయల్దేరి రావాలంటే గట్టి కారణమే ఉండాలి. జనం సమస్యకు అసలు వేరు అక్కడుంది.

1946లో ఫుట్‌బాల్ జట్టు పెట్టారు. మొదట్లో క్యాంపస్ పక్కనే ఉన్న, ఊళ్లోని ప్రభుత్వ స్కూళ్ల కోసం కట్టిన స్టేడియంలో ఆడారు. 1951 నుంచి రైస్ యూనివర్సిటీ వాళ్ల కొత్త స్టేడియానికి మారారు. సొంత మ్యాచ్ కోసం పొరుగు కాలేజీ గడప తొక్కడమన్నమాట. ఆ తర్వాత 1965లో ఆస్ట్రోడోమ్ వచ్చింది.

ఆస్ట్రోడోమ్ గురించి కాస్త ఆగి చెప్పాలి. పైకప్పు ఉన్న ఇంత పెద్ద స్టేడియం ప్రపంచంలో అదే మొదటిది. సెప్టెంబరులో కూడా చొక్కా తడిసి ముద్దయ్యే హ్యూస్టన్ ఉక్కలో, లోపల చల్లగా ఏసీ. 1965 సెప్టెంబరు 11న కూగర్స్ అక్కడ టల్సా యూనివర్సిటీతో ఆడి 14-0తో ఓడిపోయారు. ఆ ఏడాది ఆట జరిగింది చచ్చిపోయిన గడ్డి మీద. బేస్‌బాల్ ఆటగాళ్లకు కప్పు అద్దాల్లోంచి వచ్చే ఎండకు బంతి కనపడటం లేదని అద్దాలకు రంగు పూశారు. ఎండ తగలక గడ్డి ఎండిపోయింది. మరుసటి ఏడాది ప్లాస్టిక్ పచ్చిక పరిచారు. ఆస్ట్రోటర్ఫ్ అన్న పేరు అలా పుట్టిందే.

కోచ్ బిల్ యోమన్ కింద జట్టు దుమ్ము రేపింది. 1964లో ఆయన చేర్చుకున్న వారెన్ మెక్‌వే ఈ కాలేజీ ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్ పొందిన మొదటి నల్లజాతి ఆటగాడు. దక్షిణాది పెద్ద కాలేజీలు చాలావరకు అప్పటికింకా తలుపులు తెరవలేదు. 1968లో అదే టల్సాను 100-6తో చిత్తు చేశారు. ఆస్ట్రోడోమ్‌లో కాలేజీ ఆటకు జనం వస్తారా అన్న అనుమానాన్ని అదే ఏడాది జనవరి 20న బాస్కెట్‌బాల్ తీర్చేసింది. ఎల్విన్ హేస్ ఆడిన హ్యూస్టన్ జట్టు 71-69తో యూసీఎల్ఏను ఓడించిన రాత్రి లోపల ఉన్నవాళ్లు 52,693 మంది. ఈ ఊరికి కాలేజీ ఆటలంటే ఆసక్తి లేదనే మాట నేను ఒప్పుకోను. దానికి సాక్ష్యం ఆ అంకె.

కానీ డోమ్‌తో ఒక నష్టం జరిగింది. అది క్యాంపస్‌కు కొన్ని మైళ్ల దూరంలో, పార్కింగ్ మైదానాల మధ్యలో ఉంది. 1968 నుంచి ప్రొఫెషనల్ జట్టు ఆయిలర్స్ కూడా అదే కప్పు కింద చేరింది. ఆదివారం అక్కడే పెద్ద జట్టు ఆడుతుంటే, శనివారం కాలేజీ కుర్రాళ్ల కోసం డబ్బు పెట్టేవాళ్లు ఎంతమంది? డెబ్బైల చివర వాళ్ల స్టార్ ఆటగాడు ఎర్ల్ క్యాంప్‌బెల్ ఆడుతున్న రోజుల్లో ఊరంతా ఆయిలర్స్ నీలిరంగే. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారే, సరిగ్గా అదే పరిస్థితి.

అలాగని గెలవలేదా అంటే, గెలిచారు. 1976లో సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్‌లో, అంటే ఎక్కువగా టెక్సస్ కాలేజీలే ఉన్న లీగ్‌లో, ఆడటం మొదలుపెట్టిన మొదటి సంవత్సరమే పైకెక్కారు. ఆస్టిన్ వెళ్లి టెక్సస్‌ను 30-0తో ఓడించి వచ్చారు. దీని వెనుక ఒక పాత గాయం ఉంది. 1953లో టెక్సస్‌తో మ్యాచ్‌కు తీసుకెళ్తుండగా, కూగర్స్ పెంచుకునే కొండపులి షాస్టా కాలు బోను తలుపులో పడి వేలు తెగిపోయింది. టెక్సస్ వాళ్లు ఉంగరపు వేలు మడిచి చూపించి వెక్కిరించారు. ఆ సైగనే హ్యూస్టన్ తన గుర్తు చేసుకుంది. ఇవాళ గ్యాలరీలో ఏ వరసలో చూసినా నాలుగో వేలు మడిచిన చేతులే. అవమానాన్ని అలా సొంతం చేసుకున్న అభిమానులు నాకు చాలా ఇష్టం.

తర్వాత వచ్చిన దెబ్బ అసలైనది. గతంలో జరిగిన నిబంధనల ఉల్లంఘనలకు, కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ వేసిన శిక్ష వల్ల 1989లో జట్టు టీవీలో కనిపించకూడదు, సీజన్ చివర జరిగే బౌల్ మ్యాచ్ ఆడకూడదు. సరిగ్గా అదే ఏడాది క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) ఆండ్రే వేర్ హైస్మన్ ట్రోఫీ గెలిచాడు. ఆ ట్రోఫీ అందుకున్న మొదటి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ అతనే. దేశంలోనే ఉత్తమ ఆటగాడు తమ ఊళ్లోనే ఉన్నా, ఇంట్లో టీవీ పెట్టి చూసే అవకాశం జనానికి లేదు. ఒక తరం అభిమానులు తయారు కావాల్సిన సమయం అలా చేజారిపోయింది.

ఆ దెబ్బ మీద ఇంకో దెబ్బ. 1996లో సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ మూతపడింది. టెక్సస్, టెక్సస్ ఏ అండ్ ఎం, టెక్సస్ టెక్, బేలర్ బిగ్ 12 అనే కొత్త లీగ్‌లోకి వెళ్లాయి. హ్యూస్టన్‌ను పిలవలేదు. నన్నడిగితే జనం తగ్గడానికి ఓటముల కన్నా ఇదే పెద్ద కారణం. హ్యూస్టన్‌లో నలుగురు కలిస్తే వాళ్లలో ఒకరు ఆస్టిన్‌లోనో, ఏ అండ్ ఎం ఉన్న కాలేజ్ స్టేషన్ ఊళ్లోనో చదివినవాళ్లే ఉంటారు. ఆ జట్లు ఊళ్లోకి రావడం ఆగిపోయాక, ఆఫీసులో సోమవారం పందేల్లేవు, గొడవల్లేవు. ఎక్కడో దూరపు రాష్ట్రం నుంచి వచ్చే, ఊళ్లో ఎవరికీ సంబంధం లేని జట్టుతో మ్యాచ్‌కు టికెట్ కొనమంటే ఎవరు కొంటారు? 2001లో జట్టు 11 మ్యాచ్‌లాడి పదకొండూ ఓడింది.

ఒక్క మంచి పని మాత్రం ఆ చీకటి రోజుల్లోనే జరిగింది. 1998లో ఫుట్‌బాల్ మళ్లీ క్యాంపస్‌కు వచ్చింది. ఒకప్పటి స్కూళ్ల స్టేడియమే రాబర్ట్‌సన్ స్టేడియంగా పేరు మార్చుకుని ఇల్లయింది. పాతది, ఇరుకైనది, కానీ సొంతది. 2011లో కేస్ కీనమ్ బంతి విసురుతుంటే అదే చోట జనం కిక్కిరిశారు. నవంబరులో ఈఎస్‌పీఎన్ టీవీ చానల్ వాళ్ల గేమ్‌డే కార్యక్రమం క్యాంపస్‌కే వచ్చింది. పన్నెండుకు పన్నెండూ గెలిచి, కాన్ఫరెన్స్ ఫైనల్లో సొంత జనం ముందే సదరన్ మిస్ చేతిలో 49-28తో ఓడిపోయారు. వెంటనే కోచ్ ఏ అండ్ ఎంకు వెళ్లిపోయాడు.

ఇక్కడ రేణు ఖాటోర్ పేరు చెప్పాలి. ఉత్తరప్రదేశ్‌లోని ఫరూఖాబాద్‌లో పుట్టి, 2008లో ఈ యూనివర్సిటీ ప్రెసిడెంట్ అయిన ఆమె, ఆటల్లో వెనకబడి ఉండటాన్ని మామూలు విషయంగా తీసుకోలేదు. క్యాంపస్‌లో హాస్టళ్లు పెరిగాయి. 2012లో విద్యార్థులే ఓటు వేసి సెమిస్టరుకు 45 డాలర్ల ఫీజుకు ఒప్పుకున్నారు. ఆ ఏడాది చివర రాబర్ట్‌సన్‌ను కూలగొట్టి, అదే స్థలంలో 12 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుతో కొత్త స్టేడియం కట్టారు. 2014 ఆగస్టు 29న తలుపులు తెరిచారు. మొదటి మ్యాచే శాన్ ఆంటోనియో కాలేజీ యూటీఎస్ఏ చేతిలో ఓటమి. మరుసటి ఏడాది డౌన్‌టౌన్ నుంచి స్టేడియం గుమ్మం దాకా మెట్రో పర్పుల్ లైన్ వచ్చింది.

2015లో జట్టు 13 గెలిచి ఒక్కటే ఓడింది. 2016 నవంబరులో ఒక గురువారం రాత్రి, ఆ ఏడాది హైస్మన్ గెలవబోతున్న లమార్ జాక్సన్ ఆడుతున్న లూయివిల్‌ను 36-10తో ఓడించినప్పుడు కూడా 42 వేలు దాటారు. దానికి నెల ముందే, అక్టోబరులో, విస్తరణ వద్దనుకుని బిగ్ 12 మరోసారి తలుపు వేసింది. నవంబరు ముగిసేలోపే కోచ్ టామ్ హెర్మన్‌ను టెక్సస్ తీసుకెళ్లింది. మంచి సీజన్ రావడం, దాన్ని చూసి పెద్ద కాలేజీ కోచ్‌ను ఎగరేసుకుపోవడం, జనం మళ్లీ పలచబడటం ఇక్కడ చాలాసార్లు జరిగింది.

చివరికి 2021లో పిలుపు వచ్చింది, 2023 జులైలో బిగ్ 12లో చేరారు. ఆ అక్టోబరులో వెస్ట్ వర్జీనియాతో మ్యాచ్ ఆఖరి బంతికి తేలింది. గుంపు మీదికి విసిరిన బంతి చేతులు మారి కూగర్ చేతిలో పడింది, 41-39. మర్నాడు ఆఫీసులో ఫుట్‌బాల్ ఊసెత్తని మావాళ్లు కూడా ఆ వీడియో చూపించారు.

కొత్త కష్టాలు లేకపోలేదు. మ్యాచ్ టైము టీవీ చానళ్ల చేతిలో ఉంది, చాలాసార్లు పన్నెండు రోజుల ముందు, ఒక్కోసారి ఆరు రోజుల ముందు గానీ చెప్పరు. శివారు ఊరు కాటీ నుంచి క్యాంపస్‌కు 30 మైళ్లు. పిల్లల క్లాసులు, గుడి, పుట్టినరోజులు చూసుకునే కుటుంబానికి ఆరు రోజుల ముందు చెబితే కుదిరేది కాదు. సెప్టెంబరు ఎండలో ఉదయం 11 గంటల మ్యాచ్ అంటే సరేసరి. ప్రకటించే అంకె కూడా చాలాచోట్ల అమ్మిన, పంచిన టికెట్లదే గానీ గేటు దాటినవాళ్లది కాదు.

మన పిల్లలు ఇక్కడ ఎమ్మెస్ చేస్తున్నవాళ్లు చాలామంది. విద్యార్థులకు టికెట్ ఉచితం. అయినా మొదటి సెమిస్టరులో చాలామందికి ఆ సంగతే తెలియదు, తెలిసినా ఆట నియమాలు అర్థం కావని ఆగిపోతారు. పోయిన ఏడాది పర్పుల్ లైన్‌లో నా పక్కన ఇద్దరు తెలుగు కుర్రాళ్లు నిలబడ్డారు, కొత్త ఎర్ర టీషర్ట్‌లు, మడత గీతలు కూడా పోలేదు. “అన్నా, ఆ వేలు ఎందుకు మడుస్తారు?” అని అడిగాడు ఒకడు. షాస్టా కథ చెప్పేలోపే స్టేషన్ వచ్చేసింది. మిగతాది స్కాట్ స్ట్రీట్ దాటుతూ చెప్పాను.

టెక్సస్ 2024లో ఎస్ఈసీ అనే మరో లీగ్‌కు వెళ్లిపోయింది. లీగ్ మ్యాచ్ పేరుతో ఆ నారింజ గుంపు మళ్లీ వచ్చి సీట్లు నింపదు. కాన్సాస్ నుంచో, అరిజోనా నుంచో వచ్చే జట్టు వెంట అంత జనం రారు. ఆ శనివారాల్లో సీట్లు నింపాల్సింది ఊళ్లోవాళ్లే.