ట్రాలీ తగిలించేటప్పుడు మధ్యలో మనిషి నిలబడాలా? కొన్ని అపోహలు - వాస్తవాలు

వరి కోతలు మొదలైతే మా మిర్యాలగూడ వైపు ఏ రోడ్డు చూసినా ధాన్యం ట్రాక్టర్లే. మిల్లుల ముందు లైన్లు, ఒక ట్రాలీ విప్పడం, ఇంకోటి తగిలించడం, రాత్రీ పగలూ అదే పని. నాది ట్రాక్టర్లు, ట్రాలీలు బాగుచేసే షెడ్డు. ట్రాలీని ట్రాక్టర్‌కు తగిలించే పిన్ను వంగితే పట్టుకుని వచ్చేవాళ్లు, ట్రాలీ ముందుకు చాచిన నొగ చివర పగిలిన రింగు వెల్డింగ్ చేయమని వచ్చేవాళ్లు ప్రతి సీజన్లో ఉంటారు. ఒక్కోసారి చేతికి కట్టుతో కూడా వస్తారు. ఆ కట్టు గురించే ఇది రాస్తున్నాను.

అపోహ: ట్రాక్టర్ వెనక్కి వస్తుంటే మధ్యలో ఒకరు నిలబడి రింగు పట్టుకుంటేనే హుక్కు సరిగ్గా పడుతుంది.

అదేం లేదు. అసలు అక్కడ ఎవరూ ఉండకూడదు. ఈ అలవాటు ఎడ్లబండి నుంచి వచ్చిందని నా నమ్మకం. నొగ ఎత్తి పట్టుకుని ఎడ్లను కాడి కిందికి పిలిచేవాళ్లం, ఆగు అంటే అవి ఆగేవి. ట్రాక్టర్‌కు చెవులు లేవు. డ్రైవర్ కాలికి బురద ఉంటుంది, క్లచ్ మీద నుంచి కాలు జారితే బండి ఒక్కసారిగా వెనక్కి దూకుతుంది. మెల్లగా రివర్స్ చేస్తున్నాం కదా అంటారు. మెల్లగా అంటే గంటకు రెండున్నర కిలోమీటర్లు అనుకుందాం, అది సెకనుకు దాదాపు 70 సెంటీమీటర్లు. హుక్కుకూ రింగుకూ మధ్య జానెడు సందే ఉన్నప్పుడు మీరు అరిచి, అది డ్రైవర్ విని, కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపు అయిపోతుంది. రేస్ ఇవ్వకపోయినా రివర్స్ గేరులో చక్రాల దగ్గర ఎంత బలం ఉంటుందంటే, చేయి అడ్డం వచ్చినట్టు ఇంజనుకు తెలియను కూడా తెలియదు.

మూడేళ్ల క్రితం ఒక ఇంటర్ చదివే పిల్లవాడు సెలవు రోజున తండ్రికి సాయం వచ్చాడు. తండ్రే స్టీరింగ్ మీద ఉన్నాడు. రంధ్రాలు ఎదురెదురుగా వచ్చాయో లేదో చూద్దామని పిల్లవాడు వేలు పెట్టాడు. కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. రెండు నెలల తర్వాత ఆ తండ్రి నా షెడ్డుకు వచ్చి ట్రాలీకి స్టాండ్ కొట్టించుకున్నాడు, పని జరుగుతున్నంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన నిర్లక్ష్యం మనిషి కాదు. వాళ్ల నాన్న ఎలా చేశాడో అలాగే చేశాడు, అంతే.

సరైన పద్ధతి ఇది. ట్రాలీ చదునైన చోట ఉండాలి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. రింగు ఎత్తును జాకీతోనో స్టాండ్‌తోనో ముందే సరిచేయాలి. సాయం ఉండే మనిషి పక్కకు, డ్రైవర్‌కు కనబడేలా నిలబడి చేతి సైగలు చేయాలి, కనబడకపోతే డ్రైవర్ బండి ఆపేయాలి. రింగు దగ్గరికి వచ్చాక బండి ఆపి, గేరు తీసి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజన్ కట్టేసి, తాళంచెవి జేబులో వేసుకోవాలి. అప్పుడే మధ్యలోకి వెళ్లాలి. రెండంగుళాలు తేడా ఉందా, బయటికి రండి, మళ్లీ ఇంజన్ స్టార్ట్ చేసి సరిచేసుకోండి. రంధ్రాలు కలిశాయో లేదో చూడటానికి ఒక కడ్డీ పెట్టండి, వేలు పెట్టకండి.

కొత్త ట్రాక్టర్లలో గేరులో ఉంటే సెల్ఫ్ తీసుకోదు కాబట్టి భయం లేదని ఒక మాట తిరుగుతోంది. ఈ మాట ఎవరు పుట్టించారో గానీ వింటేనే ఒళ్లు మండుతుంది. గేరులో ఉంటే సెల్ఫ్‌ను అడ్డుకునే ఆ స్విచ్ స్టార్ట్ చేసేటప్పుడు మాత్రమే పనిచేస్తుంది, నడుస్తున్న బండిని ఆపదు. పైగా సగం పాత బండ్లలో ఆ వైరు ఎప్పుడో పీకేసి ఉంటుంది.

ఇంకో సంగతి. మా ఆయన ఒక్కడే ట్రాలీ తగిలించుకుంటాడు, తోడు ఎవరూ ఉండరు, టెన్షన్‌గా ఉంటుంది అని ఒకామె అడిగింది. తోడు లేదని టెన్షన్ పడొద్దమ్మా. ఇంజన్ కట్టేసి దిగే మనిషైతే తొందరపడే తోడు కంటే ఒక్కడే నయం. నాలుగుసార్లు ఎక్కి దిగడం డ్రైవింగ్ రాకపోవడం కాదు. ఫోన్ మాత్రం జేబులోనే పెట్టుకోమనండి.

మిగతావి గబగబా చెప్తాను. ఏ బోల్టయినా పిన్నే అనుకోవద్దు. సన్న బోల్టు పెద్ద రంధ్రంలో ఆడుతుంది, బ్రేకు వేసినప్పుడల్లా సుత్తి దెబ్బ పడ్డట్టే, చివరికి నట్టు ఎక్కే మర గాడి దగ్గర విరుగుతుంది. ఇంటి స్లాబుకు వాడే కంబి ముక్కలు పెట్టినవాళ్లనూ చూశాను. ఇక క్లిప్పు లేని పిన్ను గతుకుల్లో ఎగిరి బయటికి వస్తుంది. చక్రానికి శీల లేకుండా ఎడ్లబండి తోలరు కదా, ఇదీ అంతే. రోడ్డెక్కే ముందు కుడి, ఎడమ చక్రాలకు వేర్వేరుగా ఉండే రెండు బ్రేకు పెడల్స్‌నూ కలిపి లాక్ చేయాలి, లేకపోతే ఒక్క చక్రమే పట్టి బండి అడ్డం తిరుగుతుంది. పొలం ట్రాలీల్లో చాలావాటికి సొంత బ్రేకులు ఉండవు, దిగుడులో న్యూట్రల్ చేస్తే వెనక బరువంతా మిమ్మల్ని తోస్తుంది.

బురదలో దిగబడ్డ ట్రాలీని లాగడానికి గొలుసును పైన టాప్ లింక్ (ట్రాక్టర్ వెనక పైభాగంలో పనిముట్లు తగిలించే కడ్డీ) దగ్గర కట్టడం మాత్రం ప్రాణాల మీదికి తెస్తుంది. లాగే చోటు వెనక ఇరుసు కంటే పైకి ఉంటే ముందు చక్రాలు లేస్తాయి, బండి రెప్పపాటులో డ్రైవర్ మీదికి తిరగబడుతుంది. ట్రాక్టర్ వెనక కింద ఉండే లాగుడు పట్టీకే, అంటే డ్రాబార్‌కే కట్టాలి. అప్పుడు ముందు భాగం లేచేకొద్దీ లాగే చోటు ఇంకా కిందికి దిగి, తిరగబడే బలం తగ్గుతుంది.

విప్పేటప్పుడు కూడా జాగ్రత్త. రెండు చక్రాల ట్రాలీలో బరువు వెనక్కి పడి ఉంటే పిన్ను తీయగానే నొగ పైకి లేచి గడ్డానికి తగులుతుంది. బస్తాలు దింపేటప్పుడు ముందువి మొదట దింపి, వెనకవి అలాగే ఉంచిన ట్రాలీల్లో ఇది ఎక్కువ. ముందుగా ట్రాలీ వెనక భాగం కింద దుంగ పెట్టి, పక్కన నిలబడి పిన్ను తీయండి, నొగ మీదికి వంగకండి.