ఇంకొక్క గోడే మిగిలింది

తిరుపతి బైరాగిపట్టెడ నుంచి ఒక పాఠకుడు రాశారు: "సార్, మా ఇంటికి రిపేర్లు జరుగుతున్నాయి. పగలంతా మేస్త్రీ వెనకా పెయింటర్ వెనకా తిరిగి విసుగొస్తుంది. రాత్రయితే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని హౌస్ ఫ్లిప్పర్ అనే వీడియో గేమ్‌లో ఎవరివో ఇళ్ళు ఊడ్చి, గోడలకు రంగులేస్తాను. మా ఆవిడ నవ్వుతోంది. అదే పని పగలు తలనొప్పి, రాత్రి హాయి ఎట్లా అవుతుంది?"

ఎంత మంచి ప్రశ్నో! దీనికి "డోపమైన్" అని, అంటే మెదడులో ఉత్సాహంతో ముడిపడిన ఒక రసాయనం అని, ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్ళున్నారు. క్రికెట్‌కూ లాటరీకీ కూడా వాళ్ళు అదే చెబుతారు. ఈ ఆట ప్రత్యేకత ఏమిటో దాంతో తెలియదు. నాకు బాగా నచ్చిన వివరణ ఎలుకల దగ్గర మొదలవుతుంది.

1932లో క్లార్క్ హల్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఒక సూత్రం ప్రతిపాదించాడు: గమ్యం దగ్గరపడే కొద్దీ ప్రయత్నం పెరుగుతుంది. తిండి వైపు పరుగెత్తే ఎలుక దారి మొదట్లో కంటే చివర్లో వేగంగా పోతుంది. 1948లో జడ్సన్ బ్రౌన్ ఎలుకలకు పట్టీ కట్టి మధ్యలో ఆపి చూశాడు. తిండికి దగ్గరలో ఆపిన ఎలుక, దూరంలో ఆపిన ఎలుక కంటే గట్టిగా లాగింది.

అలిపిరి నుంచి కొండకు నడిచిన వాళ్ళకు ఈ సూత్రం కాళ్ళకే తెలుసు. మొత్తం 3,550 మెట్లు. ఊళ్ళో నుంచే గాలిగోపురం కనిపిస్తుంది కాబట్టి ముందు అందరి లెక్కా అంతవరకే. అది దాటాక మరో లెక్క మొదలు. చివరికి దగ్గరపడ్డాక వచ్చే మోకాళ్ళ మెట్టు దగ్గర నిజానికి కాళ్ళు పీకేస్తుంటాయి, అయినా గోవింద నామం అక్కడే జోరందుకుంటుంది. మెట్టు మెట్టుకీ పసుపు రాసి కుంకుమ పెడుతూ ఎక్కే మొక్కు చూడండి. వంగి లేచి, వంగి లేచి నడుం పడిపోవాలి. కానీ వాళ్ళకు ప్రతి మెట్టూ ఒక పూర్తయిన పనే.

ఇప్పుడు ఆటలోకి వద్దాం. 2018లో పోలండ్ నుంచి వచ్చిన ఆట ఇది. పాడుబడిన ఇంటిని బాగు చేసి అమ్మడమే కథ. రోలర్‌ను రంగు డబ్బాలో ముంచి గోడ మీద నిలువుగా ఒక పట్టీ వేస్తాం. పక్కన ఇంకో పట్టీ. ఈ గదిలో ఏమేం పనులు మిగిలాయో, ఎంత శాతం అయ్యిందో కళ్ళ ముందే ఉంటుంది. చెయ్యి తిరిగే కొద్దీ పట్టీ వెడల్పవుతుంది. రంగు వేసిన మరుక్షణమే ఆరిపోతుంది.

ఇందులో అసలు కిటుకు పనిని ముక్కలు చేయడం. కొంచెం లెక్క చూద్దాం. ఒక్కో పట్టీ ఇచ్చే ఉత్సాహం, మిగిలిన పనిలో అది ఎంత భాగమో అంత అనుకోండి. 100 పట్టీల పనిలో మొదటిది నూరో వంతు, మిగిలినవి రెండే అయినప్పుడు సగం, ఆఖరిది మొత్తం. ఈ భిన్నాలన్నీ కూడితే సుమారు 5.19 వస్తుంది. అదే పనిని 20 పట్టీల చొప్పున ఐదు గదులుగా విడగొడితే గదికి సుమారు 3.6, ఐదింటికీ కలిపి 18. రంగు అంతే, గోడలూ అవే, ఉత్సాహం మాత్రం మూడున్నర రెట్లు! ఇది ప్రయోగం కాదు, కాగితం మీది లెక్కే. కానీ మన పాఠశాలల్లో పిల్లలకు ఏడాదికంతా ఒక్కటే పెద్ద పరీక్ష చూపించి, చదువు మీద ఆసక్తి లేదని వాళ్ళను తిట్టేటప్పుడు నాకు ఈ లెక్కే గుర్తొస్తుంది.

ప్రయోగం కావాలంటే 2006 నాటిది ఉంది. జోసెఫ్ న్యూన్స్, గ్జావియర్ డ్రేజ్ ఒక కార్ వాష్‌లో, కారు కడిగించిన ప్రతిసారీ ఒక ముద్ర వేసే కార్డులు పంచారు. కొన్నిటికి 8 ముద్రలు పడితే ఒక వాష్ ఉచితం. మిగిలినవాటికి 10 పడాలి, కాని రెండు ముందే వేసి ఇచ్చారు. అంటే ఎవరికైనా మిగిలింది ఎనిమిదే. మొదటి రకం కార్డులు 19 శాతం పూర్తయితే, రెండో రకం 34 శాతం పూర్తయ్యాయి. పని ఇప్పటికే మొదలైందన్న భావన చేసిన మేలు అది.

ఇదే కోవకు చెందిన పవర్‌వాష్ సిమ్యులేటర్‌లో నీటి ధారతో మురికి కడగడమే ఆట. ఒక్కో భాగం శుభ్రం కాగానే అది మెరిసి, టింగుమని మోగుతుంది. పిసరంత మురికి మిగిలితే ఆటే దాన్ని తుడిచేస్తుంది. గమ్యం ముందు వెతుకులాట పెడితే ఊపు చస్తుందని తయారీదారులకు తెలుసు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఈ ఆటలోనే మధ్యమధ్య మూడ్ ఎలా ఉందని అడిగే ఏర్పాటు చేసి, 39 దేశాల్లో 8,695 మంది జవాబులు చూశారు. ఆడే మనిషికి మూడ్ మెరుగయ్యే అవకాశం 72 శాతమని తేలింది. కావాలని ఆట తెరిచిన వాళ్ళ లెక్క అది, మందుచీటీ కాదు.

మరి పాఠకుడి సొంతింట్లో ఏం లోపించింది? ఇక్కడితో పని అయిపోయిందని చూపే గీత. అక్కడ గమ్యం కనబడదు, కనబడినా కదిలిపోతుంది. ప్లాస్టరింగ్ అయ్యాక వారమైనా నీళ్ళు కొడుతూ ఉండాలి. సిమెంటు గట్టిపడేది ఎండి కాదు, నీటితో రసాయన చర్య జరిపి. తొందరపడితే పగుళ్ళే. ఆ తర్వాత పుట్టీ, ప్రైమర్, రెండు కోట్లు, ప్రతిదాని మధ్యా ఎదురుచూపు. ఇంతలో వాస్తు పేరు చెప్పి ఎవరో ఒకరు మెట్లు అటు మార్చమంటారు, నిక్షేపంలాంటి గోడ పగలగొట్టిస్తారు. దిక్కు మారితే ఇంట్లోవాళ్ళ ఆరోగ్యం మారుతుందనడానికి ఏ ఆధారమూ లేదు. 80 శాతానికి వచ్చిన పని 50కి పడిపోవడం మాత్రం ఖాయం. ఎలుక ముందు నుంచి తిండి వెనక్కి జరిపినట్టే.

అందుకే ఆయనకు నా సలహా: రంగుల దశకు వచ్చాక అన్ని గదులూ ఒకేసారి మొదలెట్టించకండి. ముందు పూజగదిలాంటి చిన్న గది పూర్తిగా ముగించి, సామాను సర్దేసి, తర్వాత పెద్దవాటికి వెళ్ళండి. కరెంటు పైపులకు గోడలు కోసే పని, నీళ్ళ లైన్ల పని ఇలా గది గదిగా కుదరవు. అవి ఇల్లంతా ఒక్కసారే తెగాలి, మేస్త్రీ ఒప్పుకోడు కూడా. ఆ దశలో మాత్రం రాత్రి పూట ఆట ఆడుకోండి.