పుట్టుకతో వచ్చింది పుడకలదాకా ఉంటుందా?

‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు’ అంటాం. ‘ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు’ అనీ మనమే అంటాం. పిల్లాడు మొండికేస్తే ‘అచ్చం వాళ్ల నాన్న పోలిక’, చదువులో వెనకబడితే ‘స్నేహాలు చెడగొట్టాయి’. ఇంట్లో మాట్లాడుకున్నంతవరకు దీంతో పెద్ద నష్టం లేదు. కానీ ఈ రెండింటిలో ఒక్కటే నిజమని నమ్మి, దాన్నే చట్టంగా, వైద్యంగా మార్చిన రోజులున్నాయి. మనిషి స్వభావం జన్యువులదా, పెంపకానిదా అన్న చర్చ ఇప్పటికీ ఎందుకంత వేడి పుట్టిస్తుందో ఆ రోజులు చూస్తే అర్థమవుతుంది.

ఈ చర్చను శాస్త్రంలోకి తెచ్చినవాడు ఫ్రాన్సిస్ గాల్టన్. చార్లెస్ డార్విన్‌కు బంధువు. బ్రిటన్‌లో పేరుమోసిన న్యాయమూర్తులు, రాజకీయవేత్తలు, శాస్త్రవేత్తల వంశాలు తిరగేసి, ప్రతిభ రక్తంలోనే వస్తుందని 1869లో పుస్తకం రాశాడు. తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది రక్తం ఒక్కటే కాదు. ఇల్లు, చదువు, పలుకుబడి కూడా వస్తాయి. గాల్టన్ దీనికి తగిన విలువ ఇవ్వలేదు. అయితే కవలల్ని గమనిస్తే ఏది పుట్టుకది, ఏది పెంపకానిది అని తేల్చవచ్చన్న ఆలోచన కూడా 1875లో ఆయనకే వచ్చింది. ఈ రంగానికి అది ఇప్పటికీ ఆధారం. 1883లో ‘యూజెనిక్స్’ అనే మాట పుట్టించిందీ ఆయనే. మంచి వంశాలు పెరగాలి, చెడ్డవి తగ్గాలి అన్నది దాని సారాంశం.

ఆ మాట చివరికి క్యారీ బక్ అనే అమ్మాయి దాకా వచ్చింది. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, తల్లికి దూరంగా ఒక పెంపుడు ఇంట్లో పెరిగింది. ఆ ఇంటివాళ్ల బంధువే ఆమెను బలాత్కరించాడు. గర్భం వచ్చాక ‘మందబుద్ధి’ అని ముద్ర వేసి ప్రభుత్వ ఆశ్రమానికి పంపేశారు. ఆమె తల్లి అదే ముద్రతో అప్పటికే అక్కడ ఉంది. ఇక క్యారీకి పుట్టిన పసిపాప వివియన్‌లో కూడా లోపం చూపిస్తే, అది వంశంలోనే ఉందనడానికి మూడు తరాల లెక్క సరిపోతుంది. పాపను చూసిన ఒక సంక్షేమ ఉద్యోగి, ఆ పసిదాని వాలకం మామూలుగా లేదని, తేడా ఏమిటో మాత్రం చెప్పలేనని సాక్ష్యం ఇచ్చింది. అది కోర్టుకు సరిపోయింది. 1927లో అమెరికా సుప్రీంకోర్టు 8–1తో, ఆ రాష్ట్ర చట్టం ప్రకారం క్యారీకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయొచ్చని తీర్పు చెప్పింది. మూడు తరాల మందబుద్ధులు చాలని ఆ తీర్పులో జస్టిస్ హోమ్స్ రాశాడు. అదే ఏడాది ఆపరేషన్ జరిగిపోయింది.

వివియన్ బడికి వెళ్లింది. 1931లో బాగా చదివే పిల్లల జాబితాలో ఆమె పేరుంది. మరుసటి ఏడాది, ఎనిమిదేళ్లకే జబ్బుచేసి చనిపోయింది.

ఇలాంటి చట్టాల కింద అమెరికాలో 60 వేల మందికి పైగా ఆపరేషన్లు చేశారు. జర్మనీలో నాజీలు 1933లో తెచ్చిన చట్టం కింద ఇలాంటి ఆపరేషన్లకు గురైనవాళ్లు సుమారు 4 లక్షల మంది.

అంతా పెంపకమే అన్న వాదం దీనికి విరుగుడు అవుతుందనిపిస్తుంది. అది కూడా గాయాలే చేసింది. డజను మంది ఆరోగ్యవంతులైన పసిపిల్లల్ని తన చేతికిస్తే ఎవర్ని డాక్టర్ కావాలంటే డాక్టర్, దొంగ కావాలంటే దొంగ చేస్తానని 1924లో అమెరికా మనస్తత్వవేత్త జాన్ వాట్సన్ సవాలు చేశాడు. పిల్లల్ని ముద్దు చేయొద్దు, పొద్దున్నే షేక్‌హ్యాండ్ ఇస్తే చాలని తల్లులకు సలహా రాసిందీ ఈయనే. బిడ్డ ఎలా తయారైనా బాధ్యత పెంచినవాళ్లదే అన్నాక, ఏ తేడా వచ్చినా నేరం వాళ్లదే అవుతుంది. 20వ శతాబ్దం మధ్యలో ఆటిజం ఉన్న పిల్లల తల్లులకు సరిగ్గా ఇదే జరిగింది. వాళ్ల ప్రేమలో వెచ్చదనం లేకనే బిడ్డ అలా అయ్యాడన్నారు. ‘రిఫ్రిజిరేటర్ మదర్’ అని పేరు కూడా పెట్టారు. అసలే బిడ్డ గురించి నిద్రపట్టని తల్లికి అంతకన్నా పెద్ద శిక్ష ఏముంటుంది? ఆ నిందను బలంగా కదిలించింది కవలల అధ్యయనమే. 1977లో సూసన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రటర్ 21 కవల జంటల్ని పరిశీలించారు. ఒకే అండం నుంచి పుట్టిన 11 జంటల్లో నాలుగింట ఇద్దరికీ ఆటిజం ఉంది. వేరు వేరు అండాల నుంచి పుట్టిన 10 జంటల్లో ఒక్కదానిలోనూ అలా లేదు. సంఖ్య చిన్నదే, కానీ తర్వాత వచ్చిన పెద్ద అధ్యయనాలు కూడా అటే మొగ్గాయి. అప్పట్లో క్యారీని నలిపేసిన వంశపారంపర్యం అన్న మాటే, ఇక్కడ తల్లుల నెత్తిమీద బరువు దించింది.

అందుకే నాకు ఈ చరిత్ర మొత్తంలో ఎక్కువ నచ్చేది పీకేయూ (ఫినైల్‌కీటోన్యూరియా) అనే జబ్బు కథ. 1934లో నార్వేలో ఒక తల్లి తన ఇద్దరు పిల్లల్ని తీసుకుని అస్బ్యోర్న్ ఫోలింగ్ అనే డాక్టర్ దగ్గరికి వచ్చింది. ఇద్దరికీ మనసు ఎదగలేదు, ఒంటి నుంచి ఏదో వింత వాసన. ఎందరో డాక్టర్ల చుట్టూ తిరిగినా ఆమె వదల్లేదు. ఫోలింగ్ పిల్లల మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడ్ చుక్కలు వేస్తే, అది ముదురు ఆకుపచ్చగా మారింది. ఆ రంగు వెంట వెళ్లి ఆయన కారణం పట్టుకున్నాడు: ప్రొటీన్‌లో ఉండే ఫినైల్‌అలనైన్‌ను ఆ పిల్లల శరీరం అరిగించుకోలేకపోతోంది. అది పేరుకుపోయి మెదడును దెబ్బతీస్తోంది. ఇది అమ్మానాన్నలిద్దరి నుంచీ వచ్చే జన్యు లోపం. అచ్చంగా పుట్టుకతో వచ్చిందే.

1950ల మొదట్లో, ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఇదే జబ్బున్న రెండేళ్ల పాప. నిలబడలేదు, మాట లేదు, ఎప్పుడూ ఏడుస్తూ తల బాదుకునేది. వాళ్లమ్మ రోజూ పొద్దున్నే హోర్స్ట్ బికెల్ అనే డాక్టర్ ల్యాబ్ ముందు నిలబడి, నా బిడ్డకు దారి ఎప్పుడు చూపిస్తారని అడిగేది. బికెల్ బృందం ఫినైల్‌అలనైన్ బాగా తగ్గించిన ఆహారం తయారుచేసింది. కొన్ని నెలల్లో పాప పాకింది, లేచి నిలబడింది, జుట్టు రంగు కూడా ముదిరింది. ఇది ఆహారం వల్లేనా అని తేల్చుకోవడానికి తల్లికి చెప్పకుండా ఫినైల్‌అలనైన్ మళ్లీ కలిపితే, కొద్ది గంటల్లోనే ఏడుపు, తల బాదుకోవడం తిరిగొచ్చాయి. 1960ల్లో రాబర్ట్ గత్రీ రూపొందించిన పరీక్షతో మొదలై, పసిబిడ్డ మడమ నుంచి తీసే రక్తపు చుక్కతోనే ఈ జబ్బు పట్టేస్తున్నారు. జన్యువు మారదు. తిండి మారుతుంది, మనిషి మారిపోతాడు.

ఇది గుర్తుపెట్టుకుంటే, పత్రికల్లో తరచూ కనిపించే ఆ ‘సగం సగం’ లెక్క భయపెట్టదు. 2015లో యాభై ఏళ్ల కవలల అధ్యయనాలన్నీ కలిపి చూశారు: 2,748 పరిశోధనలు, కోటి 40 లక్షలకు పైగా జంటలు. మనుషుల మధ్య తేడాల్లో సగటున 49 శాతం జన్యువుల తేడాల వల్ల అని తేలింది. మీలో సగం అమ్మానాన్నలది, సగం బయటిది అని దీనర్థం కాదు. ఇది ఒక గుంపులో, ఒక కాలంలో, మనిషికీ మనిషికీ ఉన్న తేడా గురించిన లెక్క. ఎత్తునే చూడండి, అందులో జన్యువుల వాటా 80 శాతం దాకా చెబుతారు. అయినా దక్షిణ కొరియా ఆడవాళ్ల సగటు ఎత్తు ఒక్క శతాబ్దంలో సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. అంతలో జన్యువులు మారలేదు. తిండి, ఆరోగ్యం మారాయి.

స్వభావానికి ‘ఫలానా జన్యువు’ అన్న వేట కూడా పెద్దగా ఫలించలేదు. కష్టాలొచ్చినప్పుడు డిప్రెషన్‌లోకి నెట్టే జన్యువు అంటూ 2003లో ఒకటి ఎంతో పేరు తెచ్చుకుంది; 2019లో లక్షల మంది సమాచారంతో పరీక్షిస్తే నిలబడలేదు. వేల జన్యు తేడాలు తలా కాస్త చెయ్యి వేస్తాయి, అంతే.

పరిసరాల బలం ఎంతో రుమేనియా పిల్లలు చూపించారు. 1989లో చౌషెస్కూ ప్రభుత్వం కూలాక, అనాథాశ్రమాల్లో ఎత్తుకునే దిక్కులేక మగ్గిన వేల మంది పిల్లలు బయటి ప్రపంచానికి కనిపించారు. బ్రిటన్ కుటుంబాలు పెంచుకున్న 165 మందిని మైకేల్ రటర్ బృందం పెద్దయ్యేదాకా గమనించింది. ఆరు నెలల్లోపే బయటపడినవాళ్లు చాలావరకు మామూలుగా ఎదిగారు. అంతకు మించి అక్కడున్నవాళ్లలో చాలామందికి నిలకడలేమి, మనుషులతో కలవలేకపోవడం వంటివి పాతికేళ్లప్పుడు కూడా వదల్లేదు. కానీ ఆ రెండో గుంపులోనే ఐదోవంతు మందికి ఏ దశలోనూ ఏ ఇబ్బందీ కనిపించలేదు. అవే ఆశ్రమాలు, అదే ఆకలి. వాళ్లను ఏది కాపాడిందో పరిశోధకులు ఇప్పుడు వాళ్ల జన్యువుల్లోనూ, వాళ్లు చేరిన ఇళ్లలోనూ వెతుకుతున్నారు.