యూకే కార్పొరేషన్ ట్యాక్స్ వాయిదాలు: అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లో ఉండి యూకే కంపెనీల ట్యాక్స్ పని చూసేవాళ్ల దగ్గరా, లండన్‌లో కంపెనీలు నడుపుతున్న మనవాళ్ల దగ్గరా నేను తరచూ వినే మాటలివి.

అపోహ: ఏడాది ముగిశాక తొమ్మిది నెలల దాకా ట్యాక్స్ కట్టక్కర్లేదు.

వాస్తవం: ఆ వెసులుబాటు చిన్న కంపెనీలకే. ఏడాది లాభం 15 లక్షల పౌండ్లు దాటితే అది ‘లార్జ్’ కంపెనీ, నాలుగు వాయిదాల్లో కట్టాలి. జనవరి–డిసెంబర్ లెక్కలైతే అదే ఏడాది జులై 14, అక్టోబర్ 14, తర్వాతి ఏడాది జనవరి 14, ఏప్రిల్ 14. లాభం 2 కోట్ల పౌండ్లు దాటితే ‘వెరీ లార్జ్’. వీళ్లకు మార్చి, జూన్, సెప్టెంబర్, డిసెంబర్ 14 తేదీలు. ఏడాది ముగియకముందే ట్యాక్స్ మొత్తం కట్టేయాలి. 2019 ఏప్రిల్ నుంచి ఉన్న నియమమిది.

అపోహ: మా లాభం 4 లక్షల పౌండ్లే, వాయిదాలు మాకెందుకు?

వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఆ 15 లక్షల పరిమితి ఒక్కో కంపెనీకి పూర్తిగా దక్కదు. అసోసియేటెడ్ కంపెనీలన్నిటికీ సమానంగా పంచాలి. ఒకే మనిషి చేతిలోనో, ఒకే మాతృసంస్థ కిందో ఉన్న కంపెనీలు ఏ దేశంలో ఉన్నా లెక్కలోకి వస్తాయి. లండన్ కంపెనీకి హైదరాబాద్‌లో ఒకటి, దుబాయ్‌లో ఒకటి, అమెరికాలో ఒకటి తోడున్నాయనుకోండి. 15 లక్షలను నాలుగుతో భాగిస్తే పరిమితి 3,75,000 పౌండ్లే. మీ 4 లక్షలు దాన్ని దాటేశాయి! హైదరాబాద్ కంపెనీ యూకేలో పైసా ట్యాక్స్ కట్టకపోయినా సరే, వ్యాపారం చేస్తుంటే అదీ ఒక తల కిందే లెక్క.

బయటి కంపెనీల నుంచి వచ్చే డివిడెండ్లకు ట్యాక్స్ లేకపోయినా, ఈ పరీక్షకు మాత్రం వాటినీ లాభంలో కలపాలి. ఇది చాలామంది వదిలేస్తారు.

కొంత ఊరట కూడా ఉంది. పరిమితి దాటిన మొదటి ఏడాది, లాభం కోటి పౌండ్లు మించకపోతే వాయిదాలు అక్కర్లేదు. పై ఉదాహరణలో ఆ కోటినీ నాలుగుతో భాగించాలి, అంటే 25 లక్షలు. ట్యాక్స్ మొత్తం 10,000 పౌండ్ల లోపైతే ‘లార్జ్’ కింద వాయిదాలుండవు. ‘వెరీ లార్జ్’ కంపెనీలకు మాత్రం మొదటి ఏడాది మినహాయింపు లేదు.

అపోహ: పోయినేడు కట్టిన దాన్ని నాలుగు భాగాలు చేసి కడితే సరిపోతుంది.

వాస్తవం: సరిపోదు. ఈ ఏడాది లాభం ఎంత ఉంటుందో అంచనా వేసి కట్టాలి, ప్రతి వాయిదాకూ ఆ అంచనాను సరిచూసుకోవాలి. తక్కువ కడితే ఆ తేడాపై బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ బేస్ రేటుకు 2.5 శాతం కలిపి వడ్డీ పడుతుంది. 2025 ఏప్రిల్‌కు ముందు కలిపేది 1 శాతమే. ఎక్కువ కడితే హెచ్‌ఎమ్‌ఆర్‌సీ (యూకే పన్నుల శాఖ) ఆ అదనంపై బేస్ రేటు కన్నా పావు శాతం తక్కువ వడ్డీ ఇస్తుంది. అదనంగా కట్టిన డబ్బును రిటర్న్ వేసేదాకా ఆగకుండానే వెనక్కి అడగొచ్చు.

అందుకే పాత బడ్జెట్ పట్టుకుని కూర్చోవద్దని నేను గట్టిగా చెబుతాను. వాయిదాకు ముందు నెల లెక్కలు తెప్పించుకోండి, ఏ ఆధారంతో ఎంత కట్టారో రాసిపెట్టుకోండి. కావాలనో, నిర్లక్ష్యంగానో తక్కువ కట్టారని తేలితే వడ్డీతో పోదు, జరిమానా కూడా ఉంటుంది. అప్పుడు మీకు అక్కరకొచ్చేది ఆ కాగితమే.

అపోహ: ఇండియా అడ్వాన్స్ ట్యాక్స్‌లాగే 15, 45, 75, 100 శాతాలు.

వాస్తవం: పన్నెండు నెలల అకౌంటింగ్ పీరియడ్‌కు (ట్యాక్స్ లెక్కించే కాలానికి) నాలుగూ సమాన వాయిదాలు, ఒక్కోటి పావు వంతు.

అపోహ: 14న సెలవైతే మర్నాడు కట్టొచ్చు.

వాస్తవం: ఫాస్టర్ పేమెంట్స్‌లో (సెలవురోజుల్లోనూ పనిచేసే యూకే తక్షణ బ్యాంకు బదిలీ) పంపితే తప్ప, డబ్బు ముందు పనిదినానికే చేరాలి. 2026 మార్చి 14 శనివారం, కాబట్టి శుక్రవారానికల్లా హెచ్‌ఎమ్‌ఆర్‌సీ ఖాతాలో పడాలి. డబ్బు పంపేటప్పుడు వేయాల్సిన 17 అక్షరాల రిఫరెన్స్ ఒక్కో అకౌంటింగ్ పీరియడ్‌కు ఒక్కోటి. నిరుటిది వేస్తే డబ్బు నిరుటి ఖాతాకే పోతుంది.